తూర్పుగాలికి వీపు తిప్పిన విమానం

మొన్న శంషాబాద్ విమానాశ్రయంలో, గాలికి ఉబ్బి ఊగుతున్న ఎర్రగుడ్డ సంచిని చూపించి, గాలి ఎటు వీస్తోందో తెలియడానికి దాన్ని కడతారని మనవరాలు చెబితే, డెబ్బై ఐదేళ్ల నాటి కోపం మళ్లీ రాజుకుంది. ఎవరి మీదంటే, సగం పెదనాన్న మీద, సగం నా మీద.

రజాకార్ల గొడవ సద్దుమణిగిన తరువాతి చలికాలం. ఎద్దు కుమ్మి మా అన్నయ్య కాలు కుళ్లిపోతుంటే, రెండు రోజుల్లో హైదరాబాదు చేర్చకపోతే కాలు దక్కదని సూర్యాపేట నుంచి వచ్చి చూసిన డాక్టరు చెప్పాడు. మేము బండి కట్టే హడావుడిలో ఉండగానే, ఇంజను సతాయించి ఒక చిన్న విమానం మా ఊరు గరిడేపల్లి అవతల గొర్రెలు మేసే బీట్లో దిగింది. నడిపే అతను ఒక్కడే. మరమ్మతు చేసుకుని బయలుదేరబోతూ, అన్నయ్యను చూసి జాలిపడి దవాఖానలో దింపుతానన్నాడు.

ఉర్దూ చదివినవాణ్ని నేనొక్కణ్నే కనుక అతని మాట నేనే అందరికీ చెప్పాను: గాలి ఎదురుగా ఉంటేనే విమానం సులువుగా లేస్తుంది కనుక తూర్పుకు పరుగెత్తి లేచి, పైన పడమటికి మళ్లుతాడట. అంతే, పెదనాన్న అడ్డం నిలబడ్డాడు.

"ఇయ్యాల శనారం, తూర్పుకు శూల, అటు దిక్కు పోవద్దు. అయినా పట్నం పడమటుంటే తూర్పుకు పోవుడేంది? గట్లయితే పోరన్ని ఎక్కనియ్య."

గాలి పల్చగానే ఉంది కదా అని, వాదించే ఓపిక లేక, అతను విమానాన్ని పడమటికి తిప్పించాడు. కల్లంలో రోజూ వడ్లు తూర్పారబట్టేవాణ్ని, పొద్దెక్కేకొద్దీ ఆ తూర్పుగాలి జోరందుకుంటుందని నాకు తెలుసు. కానీ పెద్దల మాటకు ఎదురు చెప్పడం మా ఇంట్లో లేదు. మీకూ తెలుసు కదా ఆ కాలం. నోరు మూసుకుని నిలబడ్డాను.

విమానం తాటిచెట్టు ఎత్తు కూడా లేవకముందే వెనక నుంచి గాలి ఒక్క తోపు తోసింది, ముక్కు వాల్చి కందిచేలో పడింది. ఇద్దరూ బతికారు గానీ రెక్క విరిగింది. బండి మీద సూర్యాపేట, అక్కణ్నించి బస్సు దొరికి హైదరాబాదు చేరేసరికి మూడు రోజులయింది. మోకాలి కింద కాలు తీసేశారు.

నాకు ఒళ్లు మండే సంగతి ఇంకొకటి. తూర్పుకు పోనియ్యలేదు కాబట్టే వాడి ప్రాణం దక్కిందని పెదనాన్న పోయేదాకా చెప్పుకున్నాడు. అన్నయ్య కూడా అదే నమ్మి, ప్రతి పండక్కీ ఊతకర్ర పక్కన పెట్టి మరీ ఆయన కాళ్లకు మొక్కేవాడు. అప్పుడూ నేనేమీ అనలేదు.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు నా మాటకు మొహం మీదే అడ్డం చెబుతారు. నా ఈడువాళ్లు దాన్ని పొగరంటారు. నేను మాత్రం వాళ్లను చూసి కుళ్లుకుంటాను. ఆ పొగరు పిసరంత ఆనాడు నాకుంటే, మా అన్నయ్య రెండు కాళ్లతో నడిచేవాడు.