బల్ల మార్లిస్‌ది, పలకలు డార్లావి

హిల్మా ఇంట్లో కాఫీ తాగినవాళ్ళెవరూ కప్పు అడుగు చూడకుండా కింద పెట్టరు. మిన్నెసోటాలోని ఆ చిన్న ఊరంతటికీ తెలిసిన సంగతే. ఆవిడ ఇంట్లో ప్రతి వస్తువుకూ అడుగున ఒక టేపు ముక్క, దాని మీద ఆవిడ తర్వాత అది ఎవరికి చెందాలో వాళ్ళ పేరు. ఈ పిచ్చికి మందు లేదని చెల్లెలి కూతురు మార్లిస్ ఏనాడో తేల్చేసింది.

లాయరు వీలునామా రాశాక కూడా ఆవిడ టేపు వదల్లేదు. “ఇంటి సామాను అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు. ఏ గరిటె ఎవరిదో ఆయనకేం తెలుసు?” అంది.

పేర్లు మారుతూ ఉండేవి. గోడ గడియారం పాస్టర్ ఆర్విడ్‌ది. ఒక ఆదివారం ఆయన ప్రసంగం సాగీ సాగీ, హిల్మా ఓవెన్‌లో పెట్టి వచ్చిన బంగాళాదుంపలు మాడిపోయాయి. సాయంత్రానికి గడియారం పశువుల డాక్టరుదైంది. పాస్టరు ఏమీ ఎరగనట్టు వచ్చి, గడియారం వెనక్కి తొంగిచూసి, కాఫీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

మార్లిస్‌కు నవ్వు రాని సంగతి ఒకటుంది. వాళ్ళమ్మ ఏది ఎవరికో చెప్పకుండానే పోయింది. క్రిస్మస్‌కి లెఫ్సా రొట్టెలు కాల్చే పెనం కోసం మార్లిస్, చెల్లెలు డార్లా అమ్మ వంటింట్లోనే పోట్లాడుకున్నారు. పెనం డార్లా పట్టుకుపోయింది. అప్పట్నించీ మాటల్లేవు. పండగలకు ఎవరిల్లు వాళ్ళదే.

ఈ ఏడు హిల్మా ఇల్లు అమ్మి, వృద్ధుల నివాసంలో ఒక గదికి మారుతూ, గడియారం తప్ప సామానంతా పంచేసింది. భోజనాల బల్ల మార్లిస్‌కు వచ్చింది. తీరా చూస్తే దాని చుట్టూ నలుగురే పడతారు. బల్లను లాగి, పొడవు పెంచడానికి మధ్యలో వేసే పలకలు లేవు. ఫోన్ చేసింది.

“పెద్దమ్మా, పలకలు మర్చిపోయావు.”

“మర్చిపోలేదే. వాటి మీద డార్లా పేరుంది.”

“బల్ల లేకుండా పలకలు దానికెందుకు?”

“అదీ నిన్నంతా ఇదే గోల. నాకెందుకు చెప్తారు, మీరూ మీరూ చూసుకోండి. థాంక్స్‌గివింగ్‌కి పాస్టరుగార్ని తీసుకుని నీ ఇంటికే వస్తున్నా.”

మార్లిస్ ఆ పొట్టి బల్ల చుట్టూ చాలాసేపు తిరిగింది. పెద్దమ్మ మొదటి టేపు చుట్ట కొన్నది తమ పోట్లాట అయిన మర్నాడేనని అప్పుడు తట్టింది. చెల్లెలికి ఫోన్ చేసి, పండక్కి పలకలు పట్టుకురమ్మంది.

“పెనం కూడా తేనా అక్కా?” అంది డార్లా.

పండగనాడు బల్ల నిండా జనం. టర్కీ కోడి చల్లారకముందే పాస్టరు రెండు ముక్కల్లో ప్రార్థన ముగించాడు. హిల్మా సంచిలోంచి టేపు చుట్ట తీసి, గడియారానికంటూ పెన్ను అడిగింది.