యజమాని సమ్మతి

ఆ జనవరిలో, అమెరికాలో మేముండే అల్ఫారెట్టాలో మంచు వాన పడింది. దూదిలా రాలే మంచు కాదు. నీళ్ళలాగే పడి, పడ్డచోటే గాజులా గడ్డకట్టే రకం. కొమ్మలు విరిగి తీగల మీద పడ్డాయి, కరెంటు పోయింది. కూతురు, అల్లుడు, మనవరాలు పెళ్ళికని డల్లాస్ వెళ్ళి, విమానాలు ఆగిపోయి అక్కడే చిక్కుకుపోయారు. అంత ఇంట్లో నేనొక్కదాన్నే. గ్యాస్ పొయ్యి వెలుగుతోంది కాబట్టి బతికిపోయాను. మాట్లాడేందుకే మనిషి లేదు. అసలు వాళ్ళు ఇంట్లో ఉన్న రోజుల్లోనే నాకు గోడలతో మాట్లాడే అలవాటు వచ్చేసింది.

మా వీధి మొదట్లో, తెగిన తీగల దగ్గరికి కార్లు రాకుండా ఒక మిలిటరీ ట్రక్కు నిలిపారు. దాని దగ్గర ఒకే ఒక్క సైనికురాలు. నలభై దాటి ఉంటాయి, చెవుల దగ్గర జుట్టు నెరిసింది. కిటికీలోంచి చూసి చూసి ఇక ఉండబట్టలేక ఉప్మా చేసి, ఫ్లాస్కులో అల్లం టీ పోసుకుని, అల్లుడి బూట్లు తొడుక్కుని, జారుకుంటూ వెళ్ళాను. ఆవిడ నిలబడే తింది. చీకటి పడేసరికి డ్యూటీ అయిపోతుందట. కానీ రోడ్లు గడ్డకట్టి తీసుకెళ్ళే బండి రాదట, ట్రక్కులోనే పడుకుంటుందట.

నాకు ఒళ్ళు మండింది. ఇదెక్కడి చోద్యం! ఇంట్లో నాలుగు గదులు ఖాళీగా పెట్టుకుని, ఆడమనిషిని ఇనప డబ్బాలో పడుకోబెడతామా? మా ఇంటికొచ్చి పడుకోమన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో. ఆవిడ నవ్వి, సైనికుల్ని జనం ఇళ్ళలో దింపకూడదని ఈ దేశపు రాజ్యాంగంలోనే రాసుందని చెప్పింది. ఆ సంగతి నాకు తెలుసు. స్కూలు పరీక్షకని మనవరాలు రాజ్యాంగంలోని హక్కులన్నీ బట్టీపట్టి నాకే అప్పజెప్పింది. మూడోది రాగానే, "దిస్ వన్ ఈజ్ యూజ్‌లెస్, అమ్మమ్మా" అని మూతి విరిచింది. ఎప్పుడో ఇంగ్లండు రాజు తన సిపాయిల్ని జనం నెత్తిన రుద్దితే విసిగిపోయి రాసుకున్నారట. యుద్ధం లేనప్పుడు ఇంటి యజమాని ఒప్పుకుంటే మాత్రం ఉండొచ్చట.

అదే ఆవిడకి చెప్పాను. టీ కప్పు దించి, "ఆర్ యూ ద ఓనర్?" అంది. సరదాకే అంది. అవునని ఒక్క ముక్క అనేస్తే అయిపోయేది. నోరు రాలేదు. ఇప్పుడే కనుక్కుని వస్తానని ఇంటికొచ్చి కూతురికి ఫోన్ చేశాను.

అంతా వింది. "నాకైతే ఓకేనే అమ్మా. ఆయన్ని అడిగి చెప్తాను" అంది.

నేను ఆగితేగా! కింది గదిలో దుప్పట్లు మార్చాను, మందపాటి రగ్గు వెతికి తెచ్చాను, పొద్దుటికి కరెంటొస్తే పెసరట్లు వేద్దామని పెసలు కూడా నానబోశాను. ఆవిడకి పిల్లలెందరో, వాళ్ళెక్కడున్నారో అడగాలనుకున్నాను. ఎదురుగా కూర్చుని టీ తాగే మనిషి వస్తోందని ఎంత సంబరపడ్డానో ఇప్పుడు చెప్పుకుంటే సిగ్గేస్తుంది.

ఫోన్ మోగింది. "వద్దంటున్నారమ్మా. ఆవిడకేమైనా అయితే లయబిలిటీ మనదేనట. నువ్వేమీ అనుకోకు."

ఏమీ అనుకోనన్నాను. అల్లుడు చెడ్డవాడేం కాదు, నన్నేనాడూ పల్లెత్తు మాట అనలేదు. అతని ఇల్లు, అతని ఇష్టం.

మళ్ళీ వెళ్ళి, ఓనర్ ఒప్పుకోలేదని చెప్పాను. ఆ ఇల్లు నాది కాదన్న మాట నా నోటితో పరాయి మనిషికి చెప్పడం అదే మొదలు. ఆవిడ ఫరవాలేదంది. నేను జారిపడకుండా చెయ్యి పట్టుకుని గుమ్మందాకా దిగబెట్టి, గుమ్మం బయటే ఆగి వెనక్కి వెళ్ళిపోయింది.

సోఫాలో కూలబడి ఏడ్చాను. అప్పుడు తట్టింది. మా ఆయన చనిపోయిన ఏడాది, నన్నిక్కడికి తెచ్చేముందు, నా కూతురు నా గురించి కూడా ఇలాగే అడిగి ఉంటుంది కదా. అల్లుడు వెంటనే సరేనన్నాడో, చాలాసేపు ఆలోచించి అన్నాడో. ఇన్నేళ్ళయినా ఆ సంగతి కూతుర్ని అడగలేదు. అడిగితే నిజం చెబుతుందేమోనని భయం.