కళ్ళు మూసుకునే కళ్ళజోళ్ళ బావ

కళ్ళజోళ్ళ బావకి పచ్చటిది ఏది కనబడినా చాలు, ఠక్కున కళ్ళు మూసుకుంటాడు. జబ్బు కాదు, ధ్యానం. "ప్రకృతిని బయట చూస్తే సగమేరా. దాన్ని లోపలికి తీసుకుపోయి, తలుపేసుకుని తీరిగ్గా చూసుకోవాలి" అంటాడు. నలుగురికీ చూపు అమ్ముకుని బతికే మనిషి, షాపులోకి వచ్చినవాళ్ళతో "ముందు కళ్ళు మూసుకోండి" అంటే ఎవరు నిలబడతారు? సగంమంది మూసుకున్న కళ్ళు పక్కవీధి షాపులో తెరిచేవారు.

అలవాటు మంచిదే. కానీ పచ్చగా ఉన్నవన్నీ చెట్లు కావు కదా. కూడలిలో ఆకుపచ్చ దీపం వెలగ్గానే స్కూటరు మీదే ధ్యానంలోకి జారుకునేవాడు. వెనకాల హారన్లు మోగుతుంటే, 'అబ్బ, ఎన్ని రకాల పక్షులో' అని మురిసిపోయేవాడట. ఒకసారి ఎవరింటి ముందో పచ్చగేటుకి వీపు ఆనించి అంతర్ముఖుడయ్యాడు. గేటు రంగు ఇంకా ఆరలేదు. ఆ చొక్కా ఉతికి ఉతికి అలిసిపోయిన ఆయన భార్య, తన పచ్చచీరలన్నీ మూటగట్టి అటక మీద పడేసింది.

ధ్యానానికి కావలసింది కుదురు. బావకి లేనిదల్లా అదొక్కటే. కళ్ళు మూశాడో లేదో మోకాలు ఊగడం మొదలెట్టేది. కాలుగాలిన పిల్లిలా, మడత స్టూలు చంకన పెట్టుకుని చెట్టు చెట్టుకీ తిరిగేవాడు. బ్యాంకు ముందు చెట్టుకి పొగరట, పలకదట. పార్కులోది వాగుడుకాయట, మనల్ని ఆలోచించుకోనివ్వదట.

ఇన్ని చెట్లు తిరిగినవాడు, చివరికి తన షాపు పక్కనే ఉన్న బామ్మర్ది కుట్టు దుకాణం ముందు చెట్టు దగ్గర స్టూలు వేశాడు. బామ్మర్ది ప్రాణానికి అది వచ్చింది.

బామ్మర్ది టైలరు. చేత్తో కుట్టే కాజాలకి పెట్టింది పేరు. ఆయన కాజా కుడితే గుండీ దానంతటదే వెళ్ళి కూర్చుంటుందనేవారు. కానీ కొంతకాలంగా సూదికి బెజ్జం కనబడటం లేదు. మొదట సూదుల కంపెనీని తిట్టాడు, బెజ్జాలు పెట్టడం మానేశారని. తర్వాత దారాన్ని తిట్టాడు. తర్వాత బల్బు మార్చాడు. ఆఖరికి తిట్టడానికి ఎవరూ మిగలకపోయేసరికి అనుమానం తన కళ్ళమీదికే వచ్చింది.

కళ్ళజోడు పెట్టుకుంటే సరిపోయేది. కానీ నోరు ఊరికే ఉండదు కదా! పోయినేడాది నలుగురిలో, "టైలరు ముక్కుమీదకి జోడు వచ్చిందంటే దుకాణానికి తాళం వచ్చినట్టే" అని తానే అన్నాడు, ఎదురుగా మిషన్ మీద కాజాలు కుట్టే షాపువాణ్ణి ఉద్దేశించి. ఇప్పుడు ఆ మాట చేపముల్లులా గొంతుకి అడ్డం పడింది.

పైగా ఆసుపత్రి పెద్ద నర్సమ్మ ఒక పచ్చకోటుకి గుడ్డ ఇచ్చి వెళ్ళింది. "నమూనా కుట్టండి. కాజాలు నచ్చితే ఆసుపత్రి బట్టలన్నీ మీకే. లేకపోతే ఎదురు షాపుకి" అంది. అసలే బేరాల్లేని రోజులు. ఆ పని పోతే దుకాణం ఉండదు. శనివారం వస్తానంది. కోటు కుట్టడం అయింది. కాజాలు మాత్రం ఒక్కటీ పడలేదు.

ఇంతటి కంగారులో రోజూ పొద్దున్నే పిలుపు.

"బామ్మర్దీ, బయటికి రారా!"

"పనుంది బావా."

"ఒక్క ఆకు. అంతే. నేను కళ్ళు మూసుకుంటా. నువ్వు చూసి చెబుతూ ఉండు, నేను లోపల బొమ్మ గీసుకుంటా."

"నీ కళ్ళతో నువ్వే చూసుకోవచ్చుగా?"

"నేను చూస్తే నా ఆలోచనలు కలుస్తాయి. నీకు ఆలోచనలుండవుగా, స్వచ్ఛంగా ఉంటుంది."

అక్క మొగుడు. ఏమనగలడు? వచ్చి నిలబడేవాడు. బావ కాడ పట్టుకుని ఆకుని అతని ముక్కు ముందు పెట్టేవాడు. టైలరుకి ఒక పచ్చటి మసక తప్ప ఏమీ కనబడేది కాదు. కొంగలా మెడ వెనక్కి లాగేవాడు. ఇంకా లాగేవాడు. తల వెళ్ళి షట్టరుకి తగిలేది.

"గొంతు దూరమైందేంటిరా?"

"భక్తితో వెనక్కి జరిగాలే. కళ్ళు మూసుకునే ఉన్నావుగా?"

"గట్టిగా."

ఇక ధైర్యం వచ్చి నోటికొచ్చింది చెప్పేవాడు. బావ మోకాలు ఊగుతూనే ఉండేది. ఆయన చొక్కా కాలరు ఒకవైపు చెవి దాకా ఎక్కి, రెండోవైపు భుజం మీదకి దిగి ఉండేది. ఈమధ్య ఎప్పుడు చూసినా అదే వాలకం. ధ్యానంలో పడి గుండీలు తప్పు పెట్టుకుంటున్నాడని వీధంతా నవ్వేది. అందరికంటే గట్టిగా నవ్వేది టైలరే.

"బావా, ముందు గుండీలు చూసుకో, ఆకులు తర్వాత."

"లోపల సరిగ్గా ఉంటే చాల్లేరా."

గురువారంనాడు బావ కాస్త వేరే ఆకు తెచ్చాడు. "ముట్టుకోకు, ఏకాగ్రత చెదురుతుంది. చెప్పు."

టైలరు మెడ వెనక్కి లాగి మొదలెట్టాడు. "లేత ఆకు బావా. మధ్యలో పెద్ద ఈనె. పక్కన చిన్నవి. కొసన మంచుబొట్టు."

"ఆహా. పురుగేమైనా ఉందా?"

"ఉంది, చిన్నది. పాకుతోంది."

"ఎటు?"

"ఇంటికి."

బావ పెదాలు బిగబట్టాడు. భుజాలు అదిరాయి. స్టూలు కూడా మరిచిపోయి తన షాపులోకి పరిగెత్తాడు. ఆనందం పట్టలేకపోయాడు కాబోలనుకున్నాడు టైలరు.

శుక్రవారం ఒక్క కాజా మొదలుపెడదామని కూర్చుంటే సూది దారాన్ని వదిలేసి వేలిని పట్టుకుంది. అప్పుడే పిలుపు.

"బామ్మర్దీ, ఆకు!"

టైలరు బయటికొచ్చి విరుచుకుపడ్డాడు. "ఇక్కడ నా బతుకు కాజాకి వేలాడుతోంది బావా! రేపు కోటు చేతికివ్వకపోతే షట్టరు దించుకోవాలి. నీకేం, హాయిగా కళ్ళు మూసుకుంటావు!"

బావ మోకాలు మరింత జోరుగా ఊగింది. జేబులోంచి ఒక కళ్ళజోడు తీశాడు.

"నేను పెట్టుకోను."

"కళ్ళజోడైతే కదా! ఇది ధ్యాన సాధనం. ఆకు చూడ్డానికి మాత్రమే. సూది, దారం లాంటి లౌకికమైనవి దీంతో చూడకూడదు."

"చూస్తే ఏమవుతుంది?"

"కనబడతాయి."

టైలరు అటూ ఇటూ చూశాడు. ఎదురు షాపువాడు వీపు తిప్పి ఉన్నాడు. గబుక్కున పెట్టుకున్నాడు. బావ చెట్టు నుంచి ఒక ఆకు తుంచి చేతికిచ్చి, కళ్ళు మూసుకున్నాడు.

మధ్య ఈనె నుంచి పక్క ఈనెలు, వాటి నుంచి వెంట్రుకంత సన్నవి, వాటి నుంచి ఇంకా సన్నవి. ఎక్కడా ముడి లేదు, పోగు జారలేదు. అంచు పొడుగునా కుట్టినట్టున్న గీత. తన జీవితంలో ఇంత శుభ్రమైన పని అతను చూడలేదు. ఇన్నాళ్ళూ ఈ చెట్టు కింద సైకిలు పెట్టుకున్నాడే కానీ, ఇది నెత్తిమీద ఇంత పని చేస్తోందని తెలియదు. ఎవరికోసం? ఏ నర్సమ్మ చూసి మెచ్చుకోవాలని? నెలలుగా లోపల ఆగకుండా తిరుగుతున్న మిషను చక్రం మెల్లగా ఆగినట్టనిపించింది.

"చెప్పరా" అన్నాడు బావ.

"ఉండు బావా."

"పురుగుందా?"

"లేదు. మాట్లాడకు కాసేపు."

బావ మోకాలు ఆగింది. అలా ఆగడం ఆ వీధిలో అదే మొదలు.

చాలాసేపటికి టైలరు తలెత్తాడు. ఎదురుగా వంకర కాలరు. బావంటే కొత్తగా ప్రేమ పొంగి, గుండీలు సరిచేద్దామని వంగాడు. పై గుండీ పై కాజాలోనే ఉంది. రెండోది రెండోదాంట్లోనే. గుండీలన్నీ ఎవరి ఇంట్లో వాళ్ళున్నారు. ఇళ్ళే వంకరగా కట్టారు. పోయిన నెల తాను కుట్టిచ్చిన చొక్కా అది! జేబు కూడా చంక వైపు ప్రయాణంలో ఉంది. ఆ జేబులోంచి నిన్నటి లేత ఆకు తొంగిచూస్తోంది. ఆకు కాదది, నర్సమ్మ కోటు గుడ్డలో మిగిలిన పచ్చపీలిక. చుట్టూ తన జిగ్‌జాగ్ కత్తెర పళ్ళ గుర్తులు.

"బావా, దీని మీద పురుగు పాకిందా?"

"ఇంటికెళ్ళిందన్నావుగా" అన్నాడు బావ, కళ్ళు తెరవకుండానే.

"అయితే ఇన్నాళ్ళూ కళ్ళు తెరిచే ఉన్నావన్నమాట!"

"ఒక కన్నే. నీ మెడ ఎంత వెనక్కి పోతోందో చూడొద్దూ? రెండోది నిజంగానే ధ్యానం."

"ఈ చొక్కా వేసుకుని ఊరంతా తిరిగావు. నేనే నవ్వాను. తప్పు నా కుట్టుదని ఒక్కమాట అనొచ్చుగా?"

"అంటే నీ కాజాలు తప్పాయనేవాళ్ళు. నేను పిచ్చోణ్ణని వీళ్ళకెలాగూ తెలుసు. కొత్తగా పోయేదేముంది?"

టైలరు జోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. "ముందు ఆ చొక్కా విప్పు బావా."

"నడివీధిలోనా?"

"విప్పమన్నానా!"

శనివారం పెద్ద నర్సమ్మ వచ్చింది. కోటు తొడుక్కుని గుండీలు పెట్టుకుంది. తీసింది, మళ్ళీ పెట్టింది, నవ్వింది. "రేపటి నుంచి గుడ్డ పంపిస్తాను. అన్నట్టు, కళ్ళజోడు ఎప్పట్నుంచండీ?"

"కళ్ళజోడు కాదమ్మా, ధ్యానం" అన్నాడు టైలరు గంభీరంగా.

అంతలో బావ వచ్చాడు, సరిచేసి కుట్టిన చొక్కాతో. కాలరు ఒకవైపు చెవి దాకా ఎక్కి ఉంది. టైలరు జోడు సవరించుకుని దగ్గరికెళ్ళి చూశాడు. కాజాలు అద్దంలా ఉన్నాయి. గుండీలే ఒక్కొక్క ఇల్లు పైకెక్కి కూర్చున్నాయి.

"బావా! ఈసారి తప్పు నాది కాదు!"

బావ జవాబు చెప్పబోయి నర్సమ్మ ఒంటిమీది పచ్చకోటు చూశాడు. ఠక్కున కళ్ళు మూసుకున్నాడు.