శారద పేరు కింద ఒత్తు

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, నన్ను తిరుపతిలోని ఒక శిక్షణ సంస్థ పరీక్షల విభాగానికి సూపరింటెండెంటుగా వేశారు. శిక్షణ పూర్తిచేసిన వారికి అసలు పట్టా రావడానికి ఏడాది పడుతుంది. అంతవరకూ ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టుకోవడానికి మేమిచ్చే ధ్రువీకరణ లేఖే ఆధారం. ఆ లేఖల నమూనా తయారుచేసే పని నాది.

మా దగ్గరున్న అక్షరకూర్పు వ్యవస్థలో పేజీని చేత్తో దిద్దడం ఉండదు. ఆదేశాలు రాసిపెడితే కాగితాన్ని అదే పేరుస్తుంది. లేఖకు మూడు పొరలు. అన్నిటికంటే అడుగున నేపథ్యం, దాని మీద సంస్థ పేరు, చిరునామా, ఆపైన విషయం. నేపథ్యం మొదటి పేజీకే ఉండాలా, అన్ని పేజీలకా, ఎంత లేతగా ఉండాలి అన్నవన్నీ ఒక్కో ఆదేశంతో మారతాయి.

నేను చేరేనాటికి ఆ అడుగు పొరలో ఆలయ గోపురం బొమ్మ ఉండేది. అన్ని మతాలవారూ, ఏ మతమూ లేనివారూ చదివే సంస్థ ఇచ్చే లేఖలో ఒక మతపు గుర్తు ఎందుకని నేను రెండు పేజీల నోట్ రాసి ఫైలు పెట్టాను. మా అసిస్టెంట్ రిజిస్ట్రార్ మునిరత్నం గారు రోజూ బొట్టు పెట్టుకుని వచ్చే మనిషి. వారంపాటు నాతో వాదించి, చివరికి నియమం నా వైపే ఉందని ఒప్పుకుని సంతకం చేశారు.

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. ఖాళీ అయిన పొరను ఖాళీగా వదలబుద్ధి కాలేదు. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుల విధి అని రాజ్యాంగం చెప్పే మాటను లేత బూడిద రంగులో, చిన్న అక్షరాల్లో, పేజీ నిండా వరుసలుగా పరిచాను. అన్ని పేజీలకూ పెట్టాను. తెర మీద ముచ్చటగా ఉంది. నాకు గర్వంగా కూడా ఉండింది.

రెండు నెలల తర్వాత ఒక ఉదయం, ఆఫీసు తలుపులు తీసేసరికే కాణిపాకం నుంచి తండ్రీ కూతుళ్లు వచ్చి వరండాలో నిలబడి ఉన్నారు. తండ్రి చెంగల్రాయుడు గుడి దగ్గర టెంకాయలు అమ్ముతాడు. కూతురు శారద మా దగ్గరే శిక్షణ పొందింది. చిత్తూరులో ఒక ఉద్యోగానికి ఎంపికైంది, కానీ పత్రాల పరిశీలనలో ఆపేశారట. పదో తరగతి పత్రంలో శారద, మా లేఖ జిరాక్సులో శారధ. ఇద్దరూ ఒకరేనని మేము రాసిచ్చిన కాగితం ఆ సాయంత్రం అయిదు లోపల అందకపోతే జాబితాలో తర్వాతి పేరుకు ఆ ఉద్యోగం వెళ్లిపోతుంది.

నేను తప్పు రాయలేదని నమ్మకంగా చెప్పి అసలు లేఖ చూపమన్నాను. అందులో శారద అనే ఉంది. జిరాక్సు పక్కన పెట్టి చూశాక విషయం తెలిసింది. నా వాక్యంలోని ‘విధి’ అన్న మాటలో ధ కింది ఒత్తు, సరిగ్గా ఆమె పేరులోని ద కింద వచ్చి కూర్చుంది. అసలు కాగితంలో అది లేత గీత. జిరాక్సు యంత్రానికి లేత, ముదురు తేడా లేదు. రెంటినీ ఒకే నలుపు చేసింది; మిగతా చిన్న అక్షరాలు చుక్కలుగా చెదిరిపోయినా, ఆ ఒత్తు మాత్రం ఆమె పేరులో కలిసిపోయింది.

గోపురం తీయించింది నేనేనని చెంగల్రాయుడికి ఎవరు చెప్పారో, అప్పటికే తెలుసు. “సామిని తీసేసినారు, సరే సార్. ఆ సోట మీరొచ్చి కూసున్నారే. ఎవురు కూసున్నా మా బిడ్డ పేరు కనపడాల గదా,” అన్నాడు.

“నాయనా, నువ్వు గమ్మునుండు,” అని శారద నా వైపు తిరిగింది. “సార్, ఎనక ఏమీ లేని కాగితం ఉండాదా మీ కాడ?”

నేపథ్యాన్ని పిలిచే ఆదేశాన్ని తీసేసి కొత్త లేఖ పేర్చాను. దానికి తోడుగా సవరణ లేఖ కూడా కావాలి. అందులో ముద్రణలోపం అని రాస్తే చాలని మునిరత్నం గారు నన్ను కాపాడబోయారు. నేను ఒప్పుకోలేదు. ఈ కార్యాలయం అమర్చిన నేపథ్యం వల్ల పేరు తప్పుగా కనిపించిందని, అమర్చింది నేనని రాశాను. ఆయన సంతకం పెడుతూ, “మా గోపురానికి ఒత్తులు లేవు గదప్పా,” అని నవ్వారు. ఆ మాట నాకు న్యాయంగానే తోచింది.

పదిన్నర బస్సుకు వాళ్లు చిత్తూరు వెళ్లారు. మూడు గంటలకు చెంగల్రాయుడు ఫోన్ చేసి, కాగితం తీసుకున్నారని, శారద పేరు జాబితాలో నిలిచిందని చెప్పాడు.

మర్నాటి నుంచి, ఆ రెండు నెలల్లో ఇచ్చిన లేఖల ఆఫీసు ప్రతులన్నిటినీ జిరాక్సు తీసి చదివాను. ఇంకో నాలుగింటిలో పేర్లు చెడ్డాయి. వాళ్లు అడగకముందే కొత్తవి పంపాను. నమూనా నియమాల్లో రెండు మాటలు చేర్చాను. నేపథ్యం పొర ఖాళీగా ఉండాలి. కొత్త నమూనా ఏదైనా, జిరాక్సుకు మళ్లీ జిరాక్సు తీసి చదివాకే వాడకంలోకి రావాలి.

గోపురం విషయంలో నా వాదన ఇప్పటికీ మారలేదు. ఆ నోట్ ఇవాళైనా రాస్తాను. కానీ వాదించడానికి వేదికలున్నాయి, పత్రికలున్నాయి. లేఖ దాన్ని పట్టుకుని పోయేవారి పని కోసం పుడుతుంది. అందులో నా నమ్మకానికైనా, మరొకరి నమ్మకానికైనా చోటు లేదని ఆ ఉద్యోగంలో నేర్చుకున్నాను.