కారు కప్పుకు వేసిన ఎర్రరంగు

1955 ఏప్రిల్‌లో నేను కడప జిల్లా కమలాపురం సెక్షన్‌లో కాలువల సూపర్‌వైజరుగా ఉన్నాను. సూపర్‌వైజరంటే ఇంజనీర్ల వరసలో అట్టడుగు మెట్టు. నా పైన అసిస్టెంట్ ఇంజనీరు, ఆయన పైన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అందరికీ పైన కర్నూలులో కూర్చునే సూపరింటెండింగ్ ఇంజనీరు. నా ప్రొబేషను, అంటే ఉద్యోగం ఖాయం చేసే ముందు మనిషిని చూసుకునే గడువు, ఆ నెలాఖరుతో ముగుస్తుంది. ఉంచడమా, ఇంటికి పంపడమా అన్నది సూపరింటెండింగ్ ఇంజనీరు గారు రాసే ఒక్క రిమార్కు మీద ఉంది. ఆ రిమార్కు ఆయన ఒక కారు దీపం వెలుగులో రాశారు. ఆ దీపం బిగించింది నేనే.

ఆయనది ఒక పద్ధతి. పగలంతా కాలువ గట్ల మీద నడిచేవారు. సాయంత్రం ఎర్రగుంట్ల స్టేషనుకు తిరిగి వెళ్తూ, మా ఆఫీసు కారు వెనక సీట్లో కూర్చుని కొలతల పుస్తకాలు చూసేవారు. వాటిని మేము ఎం-బుక్కులంటాం. తవ్విన మట్టి, కట్టిన రాయి, అన్నీ వాటిలో కొలతలతో సహా ఎక్కాలి. ఆయన ముందటిసారి వచ్చినప్పుడు పొద్దువాలాక మీట నొక్కితే కప్పు దీపం వెలగలేదు. “ఈ చీకటిని ఏ పుస్తకంలో కొలిచి రాశారయ్యా?” అని అడిగి పుస్తకం మూసేశారట. మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారికి వారం రోజులు అన్నం సహించలేదు.

కారు కరెంటు పని తెలిసిన మనిషి మాకు దగ్గర్లో లేడు. బండిని కర్నూలుకు పంపాలంటే మూడు కొటేషన్లు, ఆపైన మంజూరు. తనిఖీకి ఇంకా నాలుగు రోజులే ఉంది. మా ఆఫీసర్లంతా తలలు పట్టుకుని ఉండగా “నేను చేస్తాను సార్” అన్నాను. ఇరవై నాలుగేళ్ళ వయసు, కొత్త స్క్రూడ్రైవరు, అంతకు మించి నా దగ్గర అర్హతలేమీ లేవు.

ఆ కారు డ్రైవరు ఖాసిం సాబు. అది అతనికి ఇంటి మనిషి కింద లెక్క. నేను స్క్రూడ్రైవరుతో రావడం చూసి, ఆపరేషను గదిలోకి కొత్త డాక్టరు వచ్చినట్టు చూశాడు.

“మీరు ఇదివరకు యాడన్నా చేసినారా సారూ?”

“ఇంట్లో దీపాలు బిగించాను.”

“ఇల్లు కదలదు గదా సారూ, ఇది కదుల్తాది” అని మాత్రం అని, బానెట్ ఎత్తాడు.

పని ఇలా ఉంటుంది. ముందు బ్యాటరీ తీగ ఊడదియ్యాలి. తర్వాత దీపం మీది అద్దపు మూత, దాని కింద రెండు మరలు. మరలు తిప్పితే దీపం గిన్నె కిందికి వేలాడుతుంది. ఇంటి దీపానికి రెండు తీగలుంటాయి, కారు దీపానికి వచ్చేది ఒక్కటే. తిరిగి వెళ్ళే దారి కారు ఇనుప ఒళ్ళే. గిన్నె ఇనుము, మర ఇనుము, కప్పు ఇనుము, వీటి గుండా కరెంటు బ్యాటరీకి చేరుతుంది. ఈ సంగతి నాకు పుస్తకంలో తెలుసు. తెలిసిన సంగతి పనిచేసేటప్పుడు గుర్తుండాలన్నది మాత్రం ఆ పుస్తకంలో లేదు.

మరలు ఊడదీసి గిన్నె కిందికి లాగాను. దీపంతో పాటు వేరుశనక్కాయలు నా మొహం మీద రాలాయి. ఒకటీ అరా కాదు, చాటెడు. కంట్లో దుమ్ము, నోట్లో పొట్టు. విషయమేమిటంటే షెడ్డు కడుతున్న రోజుల్లో మా కారును వేరుశనగ గోదాములో పెట్టేవారు. ఎలుకలు కప్పు ఇనుముకూ, కింద కుట్టిన గుడ్డకూ మధ్య కొట్టం కట్టుకుని, అడ్డొచ్చిన తీగను కొరికేశాయి. ఖాసిం సాబు సీటు మీద ఒక్కొక్క కాయ ఏరుతూ “పోయిన ఏటి పంట సారూ, శానా బాగుండాది” అన్నాడు. ఇద్దరం కారులో కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాం. ఆ నవ్వులో నా ప్రొబేషను సంగతి కూడా మరచిపోయాను.

గుడ్డ మొత్తం దించి నాలుగు మూలలూ దులపాలని ఖాసిం సాబు అన్నాడు. మళ్ళీ కుట్టడానికి ఒకరోజు పడుతుందని నేను ఒప్పుకోలేదు. తెగిన తీగకు అతుకు వేసి టేపు చుట్టాను. కొత్త బల్బు పెట్టాను. బ్యాటరీ తీగ తగిలించి మీట నొక్కితే దీపం వెలిగింది. పట్టపగలు, మండుటెండలో ఆ చిన్న పసుపు వెలుగు చూసి నాకు గాల్లో తేలినట్టయింది. ఖాసిం సాబు ఆర్పి వెలిగించి, ఆర్పి వెలిగించి, ఇరవై సార్లు చూశాడు. ఆఫీసు గుమాస్తాలందరూ వచ్చి ఒకరి తర్వాత ఒకరు కారెక్కి మీట నొక్కిపోయారు.

అక్కడితో ఆపి ఉంటే ఈ జ్ఞాపకం రాసే పని ఉండేది కాదు. మా శాఖలో తనిఖీ అంటే రంగు. పై అధికారి వస్తున్నాడంటే మైలురాళ్ళకు సున్నం పడుతుంది, తలుపులకు రంగు పడుతుంది, కదలనిదేదీ ఒట్టిగా ఉండదు. దీపం గిన్నె కూర్చునే చోట ఇనుము తుప్పు పట్టి ఉండడం నా కంట పడింది. దీపం మళ్ళీ ఊడదీసి, తుప్పు గీకి, కాలువ షట్టర్లకు వేసే ఎర్ర ఆక్సైడు రంగు తెప్పించి రెండు పూతలు వేశాను. చేతిపిడులకూ, కర్టెన్ కడ్డీ కొక్కేలకూ వేశాను. తుప్పు పట్టకుండా ఉండాలని మరలను కూడా రంగులో ముంచి బిగించాను. నేను చెప్పేదాకా మీట ముట్టుకోవద్దని ఖాసిం సాబుకు గట్టిగా చెప్పాను. తర్వాత చెప్పడం మరచిపోయాను.

సూపరింటెండింగ్ ఇంజనీరు గారు వచ్చారు. సన్నగా, పొడుగ్గా, మాట తక్కువ మనిషి. పగలు కాలువ తనిఖీ బాగానే జరిగింది. సాయంత్రం నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఎర్రగుంట్లకు బయల్దేరారు. వెనక ఆయన, పక్కన నా ఎం-బుక్కులు. ఎర్రటి పొద్దు దిగిపోయింది. మీట చప్పుడు వినిపించింది. వెలుగు రాలేదు. మళ్ళీ చప్పుడు, మళ్ళీ చీకటి.

“మొన్న ఎలిగింది సార్” అన్నాడు ఖాసిం సాబు, అడగకుండానే. “నా కండ్లతో చూసినా. రంగేసినాక ముట్టుకోవద్దన్నారు, నేను ముట్టుకోలే.”

“ఏం రంగు?” అన్నారాయన.

కారు ఆపించారు. నా చేతిలోని టార్చి వెలుగులో జేబులోంచి చాకు తీసి, తానే మరలు తిప్పారు. గిన్నె కిందికి లాగారు. నేను దులపనంటే దులపనన్న మూలల్లోని వేరుశనక్కాయలు ఆయన టోపీ మీదా, ఒళ్ళోని నా ఎం-బుక్కు మీదా టపటపా పడ్డాయి. ఖాసిం సాబు కళ్ళు మూసుకున్నాడు. నేను రాజీనామా ఇంగ్లీషులో రాయాలా, తెలుగులో రాయాలా అని ఆలోచించాను.

ఆయన టోపీ దులుపుకోలేదు. టార్చి వెలుగులో ఎర్రటి మరను తిప్పి తిప్పి చూశారు. “మరకు కూడా పూశావా?” అన్నారు.

“తనిఖీ కదా సార్” అన్నాను.

ముందు ఆయన భుజాలు కదిలాయి. తర్వాత ఆగి ఉన్న కారే ఊగింది. అంత పెద్ద మనిషి అలా నవ్వడం మా శాఖలో ఎవరూ చూడలేదు. నవ్వుతూనే చాకుతో మరలూ, వాటి రంధ్రాలూ, గిన్నె అంచూ కరెంటుకు అడ్డుపడిన రంగు పోయి ఇనుము మెరిసేదాకా గీకి బిగించారు. మీట నొక్కితే దీపం వెలిగింది. ఆ వెలుగులో కాయలు ఒలుచుకు తింటూ ఎర్రగుంట్ల దాకా నా పుస్తకాలు చూశారు, చివర ఒక కాగితం మీద ఏదో రాసుకున్నారు. ఖాసిం సాబుకు కూడా గుప్పెడు ఇచ్చారు. గాబరా తగ్గాక నాకూ నవ్వాగలేదు. ముగ్గురం నవ్వుతూ స్టేషను చేరాం. పోర్టరు మమ్మల్ని అనుమానంగా చూశాడు.

పది రోజులకు కాగితం వచ్చింది. అందులో ఆయన రిమార్కు ఇది: “కొలతలు సరిగా ఉన్నవి. ఖాయం చేయవచ్చును. తనిఖీ రోజులలో ఇతనికి పెయింటు డబ్బా అందనీయరాదు.”

తర్వాత ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా రిటైరయ్యేదాకా షట్టర్లు, పంపులు, మోటార్లు ఎన్నో బిగింపించాను. నేర్చుకున్నది రెండే. ఇనుము ఇనుమును తాకవలసిన చోట రంగు వెయ్యకూడదు. పరీక్ష ఆఖరి పని ముగిశాకే చెయ్యాలి, ఆ తర్వాత ఎవరైనా బ్రష్షుతో వస్తే పరీక్ష మళ్ళీ మొదటినుంచి చెయ్యాలి.