తల్లి తనంతట తనే దిగిందని చెప్పాను

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అది పుట్టింది నా నోట్లోనే. దాని ముందు దణ్ణం పెట్టింది మాత్రం వేరేవాళ్లు. పేరు రాయను. మీరు నన్నెరగరు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాది. కొల్లేటి లంకలో పడవ నడుపుకుని బతికేవాణ్ణి. మేం హిందువులం. పక్క లంకలో క్రైస్తవులు చిన్న గుడి కట్టుకుని, ఏలూరు నుంచి మరియమ్మ తల్లి విగ్రహం తెప్పించుకున్నారు. దాన్ని నా పడవలోకే ఎక్కించారు. తోడుగా వాళ్లకు ప్రార్థనలు చెప్పించే ఉపదేశిగారు వచ్చారు.

నడి కొల్లేట్లో గాలివాన పట్టుకుంది. విగ్రహం బరువుకి పడవ కుంగి లోపలికి నీళ్లొచ్చాయి. ఉపదేశిగారు కళ్లు మూసుకుని తల్లిని పిలుస్తున్నారు. నేను విగ్రహానికి కట్టిన తాళ్లు కోసి, భుజం ఆనించి నీళ్లలోకి తోసేశాను. పడవ తేలింది. ఇద్దరం బతికాం. అది తప్పని ఇప్పటికీ అనుకోను.

ఆయన కళ్లు తెరిచి, "అమ్మేదిరా?" అన్నారు.

భయపడ్డాను. "తనంతట తనే దిగిందండీ. దిగగానే గాలి తగ్గింది" అన్నాను.

ఆ మాట నాకంటే ముందే ఊళ్లు చేరింది. ఎంత వెతికినా బురదలో విగ్రహం దొరకలేదు. మునిగిన చోట గెడ పాతి సిలువ కట్టారు. వాళ్లు కొవ్వొత్తులతో వచ్చేవారు, మావాళ్లు పసుపు కుంకాలతో. అక్కడి నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లేవారు. తల్లిని చూసినవాడినని నాకూ మొక్కేవారు. నాకది బాగుండేదా? బాగుండేది.

ఆ మాఘంలో మా ఆవిడ చెల్లెలు నాంచారమ్మ కొడుక్కి జ్వరం ముదిరింది. ఏలూరు ఆసుపత్రికని పిల్లాణ్ణి ఒళ్లో వేసుకుని నా పడవెక్కింది. వాడు మూలగడం కూడా మానేశాడు. దూరంగా సిలువ కనబడింది.

"ఏలూరుదాకా వీడు ఆగేలా లేడు బావా. నిజం చెప్పు. అమ్మ తనంతట తనే దిగిందా? నువ్వు చూశావా?"

లేదు అనడానికి ఎంతసేపు పడుతుంది? కానీ అలా అంటే ఇన్నాళ్లూ నాకు మొక్కినవాళ్లందరి ముందు ఏ మొహం పెట్టుకుని తిరగాలన్న ఆలోచనే, ఆ పిల్లాడి ఎండిన పెదాలు కళ్లెదుటే కనిపిస్తున్నా, నన్ను ముందుగా పట్టుకుంది.

"చూశాను" అన్నాను.

"అయితే అటే పోనీ."

పడవ తిప్పాను. నా చేతులతోనే తిప్పాను. ఆమె ఆ నీళ్లు వాడి నోట్లో పోసి, నుదుటికి రాసి, చాలాసేపు మొక్కుకుంది. మళ్లీ ఏలూరు దారి పట్టేసరికి వాడు పోయాడు.

ఆసుపత్రికి వెళ్తే బతికేవాడా? తెలియదు. తెలియకుండా చేసింది నేనే.

నాంచారమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు. "ఆ తల్లీ కొడుకుని పోగొట్టుకుందంట బావా. నా బాధ ఆవిడకే తెలుస్తుంది" అంది. ఏటా నా పడవలోనే అక్కడికెళ్లి కొవ్వొత్తి వెలిగిస్తుంది. గాలికి ఆరిపోకుండా నేను చేతులు అడ్డం పెడతాను.

ఆమెకు చెప్పలేదు. చెబితే మిగిలిన ఆ ఒక్క ఊరటా పోతుందని సర్దిచెప్పుకుంటాను. ఆమె కోసమేనా? నన్ను నేను కాపాడుకోవడానికి కాదా?

మిమ్మల్ని క్షమించమని అడగను. అది మీ చేతుల్లో లేదు. తల్లి దిగలేదు. నేనే తోశాను. ఈ మాట బయటపెట్టడం ఇదే మొదలు. ఇప్పుడు ఊపిరి కాస్త ఆడుతోంది.