రెండు చీటీలు

ముప్పై ఏళ్ళు మా ఊరి చర్చికి ప్రార్థన రొట్టెలు చేసింది మా అత్త ఫెవ్రోన్యా. ఆమెకు అక్షరం రాదు. ప్రతి శనివారం రెండు చీటీలు నాచేత రాయించేది. ఒకటి బతికున్నవాళ్ళ పేర్లకు, ఒకటి పోయినవాళ్ళకు. ఆదివారం పూజలో ఫాదరు గారు ఒక్కో పేరుకి ఒక్కో రొట్టె ముక్క తీస్తూ వాటిని చదివేవారు.

ఆమె కొడుకు, నా భర్త యెఫీమ్ యుద్ధానికి వెళ్ళాడు. రెండేళ్ళుగా ఉత్తరం లేదు. అయినా ఆయన పేరు బతికున్నవాళ్ళ చీటీలో మొదట రాయాల్సిందే. నాకు కన్నీళ్ళొస్తే, "నోరు ముయ్యవే ఉల్యానా, బతికున్నవాడికి ఏడుపేంటి?" అనేది. ఒకే ఇంట్లో ఉన్నా ఎవరి దుఃఖం వాళ్ళదే.

యుద్ధం మూడో ఏట, మార్చిలో ఒక ఆదివారం ఫాదరు గారు ప్రతి పూజలోనూ చదివే జారు చక్రవర్తి పేరు చదవకుండా దాటేశారు. నిండు చర్చిలో అత్త గొంతెత్తింది.

"ఫాదరు గారూ, చక్రవర్తి పేరు మరిచారు."

కమ్మరి సవ్వా నవ్వాడు. "గద్దె దిగిపోయాడు పిన్నీ! ఇంక ఆయనకి నీ రొట్టె అక్కర్లేదు."

"చచ్చిపోయాడా?"

"లేదు, నిక్షేపంగా ఉన్నాడు."

"మరి బతికున్నవాడి పేరు తీసేశారేం?"

ఫాదరు గారు తర్వాతి ప్రార్థన అందుకున్నారు.

అత్త ఇంటికొచ్చి పొయ్యి పక్కన కూలబడింది. "నా కొడుకుని తీసుకెళ్ళింది ఆయన. ఆయనే దిగిపోతే వాణ్ణి తిరిగి పంపేదెవరే? చీటీలో పేరుంటే మనిషి ఉన్నట్టే అనుకున్నాను."

మళ్ళీ శనివారం పోయినవాళ్ళ చీటీ నా వైపు జరిపింది. "వాణ్ణి ఇందులో రాయి."

గట్టిగా ఏడవడానికి రెండేళ్ళుగా ఆ మాట కోసమే చూశాను. తీరా కలం పట్టుకుంటే, బతికున్నవాళ్ళ చీటీలో వదిలేసిన పేరు ఇందులోనూ రాయలేకపోయాను.

మర్నాడు పూజలో యెఫీమ్ పేరు ఏ చీటీలోనూ వినపడలేదు.